ఊరు విడిచినవాడికే ఊరి పేరు

పదకొండో శతాబ్దం దాకా ఇంగ్లండ్‌లో మామూలు మనిషికి ఉన్నది ఒక్క పేరే. 1066లో ఆ దేశాన్ని గెలుచుకున్న నార్మన్ దొరలు సొంత ఊళ్ల పేర్లను వెంట తెచ్చుకున్నారు. పెర్సీ, నెవిల్, మోర్టిమర్ అలా నార్మండీ నుంచి దిగినవే. తర్వాత జనం కూడా పాత పేర్లు వదిలి విలియం, రాబర్ట్, జాన్ లాంటి కొద్దిపాటి పేర్లే పెట్టుకోసాగారు. ఒకే ఊళ్లో నలుగురు జాన్‌లుంటే పన్నుల గుమస్తా ఎవరి దగ్గర వసూలు చేయాలి? వృత్తి, తండ్రి పేరుతో పాటు చోటు కూడా గుర్తయింది. 1400 నాటికి చాలా కుటుంబాల్లో ఆ గుర్తులే ఇంటిపేర్లుగా స్థిరపడ్డాయి.

సొంత ఊళ్లోనే ఉన్నవాణ్ని ఊరి పేరుతో పిలిస్తే లాభం లేదు, అందరిదీ అదే ఊరు. అందుకే వాడి ఇల్లు ఎక్కడుందో చూశారు. గుట్ట మీదివాడు హిల్, వాగు ఒడ్డువాడు బ్రుక్. ఉత్తరాన వాగును బెక్ అంటారు కనుక అక్కడ అదే ఇంటిపేరు. అడవి పక్కనున్నవాడు అట్‌వుడ్. యాష్ చెట్టు దగ్గరివాణ్ని ‘అట్టెన్ యాష్’ అనేవారు. ముందు మాట చివరి నకారం చెట్టుకు అతుక్కుని ‘నాష్’ పుట్టింది. లాంగ్‌బాటమ్ అంటే ఇప్పటి ఇంగ్లీషువాళ్లకే నవ్వొస్తుంది గానీ, ఆ పేరులో బాటమ్ అంటే లోయ అడుగు.

లింకన్ లాంటి ఊరి పేర్లు ఆ ఊరు వదిలి వెళ్లినవాళ్లకు కొత్తచోట అంటుకున్నవి. భూస్వాముల సంగతి వేరు. పన్నెండో శతాబ్దంలో విలియం డి హెర్ట్‌బర్న్ ఈశాన్య ఇంగ్లండ్‌లోని వాషింగ్టన్ ఎస్టేటు సంపాదించి తన పేరే మార్చుకున్నాడు. అమెరికా తొలి అధ్యక్షుడు ఆ వంశంవాడే. గోదావరి జిల్లాలు దేవుడిలా కొలిచే కాటన్ దొర ఇంటిపేరుకూ పత్తికీ సంబంధం లేదు. ‘గుడిసెల దగ్గర’ అనే అర్థంతో ఏర్పడిన ఊరి పేరది. దూరం నుంచి వచ్చినవాడికైతే ప్రాంతం పేరే చాలు: కార్న్‌వాలిస్ అంటే కార్న్‌వాల్ మనిషి.

పేరు చివరి ముక్క కూడా జాడ చెబుతుంది. ‘టన్’ అంటే పల్లె, ‘లీ’ అంటే అడవి నరికి చదును చేసిన నేల. ‘బీ’ ఉంటే డెన్మార్క్ నుంచి వచ్చి తూర్పు, ఉత్తర ప్రాంతాల్లో స్థిరపడ్డవాళ్లు పెట్టిన ఊరు.

పేరు కలిసినంత మాత్రాన చుట్టరికం ఉండదు. న్యూటన్ అంటే కొత్తపల్లె. ఆ పేరున్న ఊళ్లు ఇంగ్లండ్ నిండా ఉన్నాయి. గ్రీన్‌వుడ్ మాత్రం పచ్చని అడవి ఉన్న ఏ చోటైనా పుట్టగలిగిన పేరే అయినా, ఎక్కువగా యార్క్‌షైర్‌లో హెప్టన్‌స్టాల్ దగ్గరి ఒకే చోటి నుంచి వచ్చింది. ఆ చుట్టుపక్కల నేటికీ గ్రీన్‌వుడ్‌లు ఎక్కువ.