ఆగిన గుండె, ఆగిన ఊపిరి

కొన్నేళ్ళ క్రితం ఒక సంక్రాంతి సంబరంలో, భోజనాల వరుసలో నిలుచున్న ఒక పెద్దాయన ఉన్నట్టుండి కుప్పకూలారు. ఒకరు ముఖాన నీళ్ళు చల్లారు. ఇంకొకరు అరచేతిలో తాళాలగుత్తి పెట్టారు. గొంతులోంచి గురక వంటి శబ్దం వస్తూంటే, "ఊపిరి ఆడుతోంది, ఫరవాలేదు" అన్నారు మరొకరు. అంతలో "డాక్టరు గారూ, ఇటు రండి!" అని ఎవరో నన్నే పిలిచారు. నేను డాక్టరునే, కాని రసాయనశాస్త్రంలో. ఉన్నచోటనే నిలబడిపోయాను. చివరకు ఆ పాఠశాల భవనాన్ని శుభ్రపరిచే ఉద్యోగి వచ్చి, మోకాళ్ళపై కూర్చొని ఛాతీని నొక్కసాగాడు. గోడకు తగిలించిన ఎ.ఇ.డి. యంత్రాన్ని తెమ్మని కేకవేశాడు. పెద్దాయన బ్రతికారు. మరుసటి వారమే నేను సి.పి.ఆర్. శిక్షణ తరగతిలో చేరాను.

అక్కడ నేర్చిన మొదటి సంగతి, ఆ గురక ఊపిరి కాదన్నది. గుండె ఆగిన తొలి నిమిషాలలో అటువంటి ఎగశ్వాస కొందరిలో కనిపిస్తుంది. పిలిచినా, తట్టినా పలకక, సరిగా శ్వాసించని మనిషికి వెంటనే చికిత్స మొదలుపెట్టవలసిందే. ప్రాణవాయువు అందకపోతే నాలుగైదు నిమిషాలలోనే మెదడు దెబ్బతినడం ఆరంభమవుతుంది. అంబులెన్సు అంతలో రాకపోవచ్చు.

రెండవది, పెద్దలకూ పసివారికీ చేసే చికిత్సలోని తేడా. పెద్దలలో సాధారణంగా ముందు ఆగేది గుండె. అప్పటికి నెత్తురులో ప్రాణవాయువు ఇంకా నిండుగానే ఉంటుంది. దానిని మెదడుకు చేర్చే పంపు మాత్రమే నిలిచిపోయింది. అందుచేత శిక్షణ లేనివారు సైతం ఛాతీని నొక్కుతూ ఉంటే ఎంతో మేలు. పసివారిలో సాధారణంగా ముందు ఆగేది ఊపిరి. నెత్తురులో ప్రాణవాయువు అడుగంటిన తరువాతనే గుండె నిలుస్తుంది. వట్టి నెత్తురును ఎంత తిప్పి ఏమి లాభం? కనుక వారికి ఊపిరి కూడా ఊదాలి. మనం విడిచేది బొగ్గుపులుసు వాయువే కదా అనే సందేహం చాలామందికి కలుగుతుంది. పీల్చే గాలిలో ప్రాణవాయువు 21 శాతమైతే, విడిచే గాలిలో ఇంకా 16 శాతం వరకు మిగిలి ఉంటుంది. బిడ్డకు అది చాలు.

ఈ విద్యను లోకానికి అందించినవారిలో ముఖ్యుడు కూడా వైద్యుడు కాడు. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో పనిచేసిన విలియం కౌవెన్‌హోవెన్ విద్యుత్ ఇంజనీరు. కుక్కలపై ప్రయోగాలు చేస్తుండగా, కరెంటు ప్రవహించక ముందే, బరువైన ఎలక్ట్రోడులను ఛాతీకి అదిమినంత మాత్రాన రక్తపుపోటు పెరగడం ఆయన శిష్యుడు నికర్‌బాకర్ గమనించాడు. సర్జన్ జూడ్‌తో కలిసి వారు 1960లో ఆ ఫలితాలను ప్రకటించారు. నావంటి వైద్యేతర డాక్టరుకు ఇది కొంత ఊరట!

ఇక పద్ధతి. ముందు 911కు ఫోను చేసి స్పీకరులో ఉంచండి. అవతలివారు ఏమి చేయాలో చెబుతూ ఉంటారు. రోగిని గట్టి నేలపై వెల్లకిల పడుకోబెట్టి, రొమ్ము ఎముక దిగువ సగంపై ఒక అరచేతిమీద మరొకటి ఉంచి, మోచేతులు వంచకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతున నొక్కాలి. ప్రతిసారి ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. పక్కటెముక విరిగినా ఆపకూడదు. ఏడాదిలోపు బిడ్డకయితే రెండు చేతులతో ఛాతీని చుట్టిపట్టి బొటనవ్రేళ్ళతోగాని, ఒక అరచేతి మొదలుతోగాని అంగుళంన్నర లోతు. పూర్వం రెండు వ్రేళ్ళతో నొక్కమనేవారు; అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2025లో ఆ పద్ధతిని విడిచిపెట్టింది. ముప్పైసార్లు నొక్కి, బిడ్డ నోరూ ముక్కూ కలిపి మన నోటితో కప్పి, ఛాతీ లేచేంత మాత్రమే రెండుసార్లు మెల్లగా ఊదాలి.

మన ఇళ్ళలో ఇంతకన్న తరచుగా ఎదురయ్యే గండం గొంతుకు అడ్డుపడిన వేరుశనగ గుండో, ద్రాక్షపండో. గట్టిగా దగ్గగలుగుతూంటే దగ్గనివ్వండి. ఏడుపైనా రానప్పుడు, తల కిందికి ఉండేలా బిడ్డను ముంజేతిపై బోర్లా ఆనించి, దవడను పట్టుకొని, రెక్కల నడుమ అయిదు దెబ్బలు. తిప్పి ఛాతీపై అయిదు నొక్కులు. అడ్డు తొలగేదాకా ఇదే వరుస. పెద్దలకయితే వీపున అయిదు దెబ్బలు, తరువాత పొట్ట పైభాగంలో లోపలికీ పైకీ అయిదు నొక్కులు. బిడ్డ పొట్టను మాత్రం నొక్కరాదు, కాలేయం దెబ్బతింటుంది. కనబడని వస్తువు కోసం నోట్లో వ్రేలు పెట్టి వెదకడం మన పెద్దలకు అలవాటు; అది దానిని మరింత లోపలికి నెడుతుంది. బిడ్డ స్పృహ తప్పితే వెంటనే పైన చెప్పిన సి.పి.ఆర్. మొదలుపెట్టాలి.

కోర్టుకు ఈడుస్తారేమోనన్న జంకు కూడా మనవారిలో ఉంది. సదుద్దేశంతో సాయపడినవారిని రక్షించే చట్టాలు ఈ దేశంలోని అన్ని రాష్ట్రాలలోనూ ఉన్నాయి.

మనుమరాలిని చూసుకోవడానికి వచ్చిన మా అత్తగారికి ఇదంతా దిండుమీద చూపించాను. తెలుగులో ముప్పై దాకా లెక్కిస్తే "ఇరవై ఎనిమిది" దగ్గర చేయి నెమ్మదిస్తోందని, పదివరకు మూడుసార్లు లెక్కిస్తే సరిపోతుందని ఆవిడే కనిపెట్టారు. మా ఇంటి చిరునామాను తెలుగు లిపిలో వ్రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాము. రోజూ పాలు తీసేటప్పుడు ఆవిడ దానిని ఒకసారి పైకి చదువుతారు.