సానియా మీర్జా: ఒక ఆటగత్తె ఎలా తయారవుతుంది?

మా స్కూల్లో ఏడో తరగతి దాకా ఖోఖోలో అందరికన్నా ముందు పరుగెత్తే మన అమ్మాయిలు ఎనిమిదికి రాగానే గ్రౌండుకు రావడం మానేస్తారు. ఏటా చూస్తూనే ఉన్నాను. నిరుడు ఒక తల్లిని అడిగితే, “ఆటలాడి ఏం సంపాదిస్తుంది సార్?” అంది. సానియా మీర్జా పేరు చెప్పాను. “ఆమె సంగతి వేరు సార్, డబ్బున్నోళ్లు” అని వెళ్లిపోయింది. ఆ మాట ఎంతవరకు నిజమో చూద్దామనే ఈ వ్యాసం.

సానియా 1986లో ముంబైలో పుట్టి హైదరాబాద్‌లో పెరిగింది. ఆరేళ్ల వయసులో రాకెట్ పట్టింది. తండ్రి ఇమ్రాన్ మీర్జా దగ్గరుండి ఆట నేర్పించాడు. పేద కుటుంబం కాదు, నిజమే. కానీ టెన్నిస్ ఖర్చు మధ్యతరగతి మోసేది కాదు. బంతులు, రాకెట్లు, కోర్టు, కోచ్ ఒక ఎత్తు. ఊరూరా, దేశదేశాలూ తిరిగి పోటీలాడటం ఇంకో ఎత్తు. ఇంకా పేరు రాని ఆ చిన్న వయసులోనే హైదరాబాద్‌కు చెందిన జీవీకే సంస్థ ఆమెకు అండగా నిలిచింది. గెలిచాక దండలు వేయడానికి చాలామంది వస్తారు. గెలవకముందు రైలు టికెట్టు కొనిచ్చేవారే అరుదు.

2003లో వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచింది. 2005లో సొంత ఊరు హైదరాబాద్‌లోనే డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ సాధించింది. భారత మహిళ ఆ స్థాయి టైటిల్ గెలవడం అదే మొదలు. అదే ఏడాది యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండు దాకా వెళ్లింది. 2007లో ప్రపంచ సింగిల్స్‌లో 27వ ర్యాంకు. ఆ రోజుల్లో ఆమె దుస్తుల మీద జరిగిన రచ్చ పెద్దలందరికీ గుర్తుండే ఉంటుంది. అందులోకి నేను పోను. ఆమె ఆట గురించి మన ఇళ్లలో అంత సేపు మాట్లాడుకోలేదన్నదే నా బాధ.

టెన్నిస్ ర్యాంకు బ్యాంకులో వేసిన డబ్బు లాంటిది కాదు. గడిచిన 52 వారాల్లో సంపాదించిన పాయింట్లే లెక్క. నిరుడు ఈ వారం తెచ్చుకున్నవి ఈ ఏడాది ఇదే సమయానికి రాలిపోతాయి. గాయపడి ఇంట్లో కూర్చుంటే ర్యాంకు కరిగిపోతూనే ఉంటుంది. 2008లో సానియా కుడి మణికట్టుకు ఆపరేషన్ జరిగింది. మోకాళ్లూ ఇబ్బంది పెట్టాయి. చివరికి సింగిల్స్ వదిలేసి డబుల్స్ మీదే నిలబడింది.

పనైపోయిందని చాలామంది అనుకున్నారు. అసలు పంట అక్కడే పండింది. డబుల్స్‌లో కోర్టంతా ఒక్కరే పరుగెత్తనక్కర్లేదు. ఆమె బలం ఫోర్‌హ్యాండ్. 2015లో స్విట్జర్లాండ్‌కు చెందిన మార్టినా హింగిస్ జతకలిసింది. వెనక గీత దగ్గర నుంచి ఈమె దెబ్బ, నెట్ దగ్గర హింగిస్ చురుకు. ఇద్దరూ కలిసి వరుసగా మూడు టోర్నీలు గెలిచారు. ఆ ఏప్రిల్‌లో సానియా డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. ఆ ఏడాది వింబుల్డన్ ఫైనల్ చివరి సెట్‌లో 2–5తో వెనకబడి కూడా గెలిచారు. తర్వాత యూఎస్ ఓపెన్, 2016లో ఆస్ట్రేలియన్ ఓపెన్. ఒక దశలో వరుసగా 41 మ్యాచుల్లో ఓటమి లేదు. మొత్తం మీద 91 వారాలు నంబర్ వన్‌గా ఉంది. మిక్స్‌డ్ డబుల్స్‌తో కలిపి గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు ఆరు.

2018లో కొడుకు పుట్టాడు. 2020 జనవరిలో తిరిగి ఆడిన మొదటి టోర్నీ, హోబర్ట్‌లో, డబుల్స్ టైటిల్ గెలిచింది. పెళ్లితో చదువే ఆగిపోయే మన ఆడపిల్లలకు నేను మొదట చెప్పేది ఈ సంగతే. 2023లో ఆట నుంచి తప్పుకుంది. ఇప్పుడు హైదరాబాద్ దగ్గర ఆమె పేరుతో అకాడమీ ఉంది.

హైదరాబాద్ మనకు దూరమే. కానీ అనంతపురంలో ఆర్డీటీ స్పోర్ట్స్ విలేజ్‌లో స్పెయిన్ ఆటగాడు రఫెల్ నాదల్ ఫౌండేషన్ 2010లో టెన్నిస్ స్కూలు ప్రారంభించింది. అక్కడ పేద పిల్లలకు ఆటతో పాటు ఇంగ్లీషు, కంప్యూటర్ కూడా నేర్పుతారు. మడకశిర నుంచి రోజూ వెళ్లి వచ్చేంత దగ్గర కాదు. అందుకే వేసవి సెలవుల్లో ఒక రోజు పదిమంది అమ్మాయిలను అక్కడికి తీసుకెళ్లి చూపించాలనుకుంటున్నాను. వాళ్ల తల్లులను కూడా రమ్మన్నాను. నన్ను ప్రశ్న అడిగిన ఆ తల్లి ఇంకా ఏమీ చెప్పలేదు. బస్సుకు ఎంతవుతుందో కనుక్కుంటున్నాను.