మిద్దెకు సున్నం, మీటరుకు కళ్ళెం

మా పుట్టిల్లు బిజినేపల్లి. నా చిన్నప్పుడు మాది మట్టిమిద్దె. మందపాటి గోడలు, పైన కట్టెలు, ఆ పైన మట్టి. మిట్టమధ్యాహ్నం లోపల చాప వేసుకుని పడుకుంటే ఫ్యాను మాటే గుర్తొచ్చేది కాదు. వానాకాలం కారేదనుకోండి, అది వేరే కథ! తమ్ముడు దాన్ని తీసేసి స్లాబు వేయించాడు. కారడం ఆగింది, చల్లదనమూ పోయింది.

"రాత్రి పదింటికి కూడా పైకి పోయి చెయ్యి పెట్టి చూడు వదినా, స్లాబు పెనం లెక్కనే ఉంటది" అంటుంది మరదలు. నిజమే. పగలంతా ఎండ తాగిన కాంక్రీటు చీకటి పడ్డాక ఆ వేడిని గదిలోకి వదులుతుంది. అమ్మకు డెబ్బై దాటాయి. మే నెలంతా ఆవిడకు కంటిమీద కునుకుండదు.

దానికి తోడు కరెంటు బిల్లు. 2024లో మొదలైన గృహజ్యోతి కింద తెల్ల రేషను కార్డున్న ఇళ్ళకు నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు కదా. దాటితే మాత్రం దాటిన యూనిట్లకే కాదు, మొత్తానికీ కట్టాలి. మా వాళ్ళకు ఓ మే నెలలో 223 వచ్చింది. 23 యూనిట్ల కోసం వెయ్యి దాటిన బిల్లు! మరదలి మొహం చూడాలి.

ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. పాత ఫ్యాన్లు మూడు, ఒక్కోటి 75 వాట్లు, రోజుకు 16 గంటలు. నెలకు 108 యూనిట్లు. కూలరు 200 వాట్లు, పది గంటలు. అది 60. మిగతా 55 ఫ్రిజ్, మోటారు, టీవీ, లైట్లు. దొంగ ఫ్రిజ్ అనుకున్నాం, తీరా చూస్తే ఫ్యాన్లు! ఇప్పుడొచ్చే బి.ఎల్.డి.సి. ఫ్యాను సుమారు 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. మూడూ మారిస్తే 108 కాస్తా 43 అవుతుంది. ధర ఎక్కువే, కాబట్టి ముందు అమ్మ గదిలోది మార్చాం. దీనికి పాత రెగ్యులేటరు పనికిరాదు, రిమోటు ఉంటుంది. ఎలక్ట్రీషియన్ కి ముందే చెప్పండి.

అసలు వేడి పైనుంచి దిగుతున్నప్పుడు కింద ఎంత తిప్పితే ఏం లాభం? తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది. 2017లో హైదరాబాదు దేవరకొండ బస్తీలో 25 పేద ఇళ్ళ కప్పుల మీద తెల్లటి షీట్లు పరిచి చూస్తే, లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. 2023 ఏప్రిల్ లో రాష్ట్ర ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానమే తెచ్చింది. సర్కారు భవనాలకూ, 600 గజాలూ ఆపై స్థలాల్లో కట్టే ఇళ్ళకూ తప్పనిసరి. మనబోటి చిన్న ఇళ్ళకు ఇష్టముంటేనే.

కూల్ పెయింటు కొనలేకపోతే సున్నం చాలు. శివరాత్రి వెళ్ళగానే పని పెట్టుకోండి. స్లాబు శుభ్రంగా ఊడ్చి, కడిగి, పగుళ్ళు సిమెంటుతో పూడ్చండి. సున్నాన్ని నీళ్ళలో వేయాలి గానీ, సున్నం మీద నీళ్ళు గుమ్మరించకూడదు. బుసబుసా పొంగి కళ్ళలో పడుతుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. రాత్రంతా నాననిచ్చి, వడగట్టి, పట్టు కోసం కాస్త ఫెవికాల్ కలపండి. స్లాబు తడిపి, సాయంత్రం పూట చీపురుకట్టతో రెండు మూడు పూతలు వేయండి. ఒక పూత ఆరాకే ఇంకోటి. ఏటా మళ్ళీ వేయాల్సిందే, వానకు పోతుంది. తొలకరి నీళ్ళు మాత్రం డ్రమ్ముకు పట్టకండి.

రేకుల ఇల్లయితే సున్నం నిలవదు, తెల్ల పెయింటే దారి. సిమెంటు రేకుల్ని గీకకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

మా మరదలికి ఒక్కటే పేచీ. తెల్ల మిద్దె మీద మధ్యాహ్నం కళ్ళు జిగేలుమంటున్నాయట, మిరపకాయలు తిరగెయ్యలేకపోతోందట. అందుకని ఇప్పుడు పాత చీర పరిచి పొద్దున్నే ఎండబోసి, పొద్దు వాలాక దించుకుంటోంది.