ఇంజను ఎందుకు కాగును?

మామిడి కోత మొదలైనంతనే కొల్లాపూరు తోటలనుండియు, చుట్టుపట్లనున్న కోడేరు, పెద్దకొత్తపల్లి గ్రామములనుండియు పికప్పు బండ్లు కాయలు నింపుకొని హైదరాబాదు మార్కెట్టుకు బయలుదేరును. 2016 వరకు మహబూబునగరు జిల్లాలోనుండి, ఇప్పుడు నాగర్‌కర్నూలు జిల్లాలో చేరిన ఈ సీమనుండి రాజధానికి దారి 100 కిలోమీటర్లకు మించినది. అవి ఎండ 40 డిగ్రీలు దాటు దినములు. బండ్లలో పెక్కు పాతవి. యజమానియే డ్రైవరుగా నడుపుకొనునవి. అట్టి బండి నడిత్రోవలో ఆవిరి చిమ్ముచు ఆగిపోయినచో కాయలు చెడును. ఇంజను తలభాగమైన సిలిండరు హెడ్డు వంగినచో ఆ ఇంటివారి సీజను సంపాదన మరమ్మతుకే చెల్లిపోవచ్చును. అయితే ఈ ఆపద సాధారణముగా చెప్పకుండ రాదు. ముందుగా గుర్తులు చూపును. ఆ గుర్తులను వరుసగా పరిశీలించు విధము బండి గల ప్రతి ఇంటికిని తెలియదగినది.

డీజిలు మండుటచే పుట్టు శక్తిలో సుమారు మూడవవంతు మాత్రమే బండిని నడుపుటకు ఉపకరించును. ఇంచుమించు అంతియే వేడియై పొగగొట్టము గుండ పోవును. మిగిలినదానిలో అధికభాగమును ఇంజను గోడలలో ప్రవహించు నీరు మోసికొనిపోవలెను. పంపు ఆ నీటిని త్రిప్పును. రేడియేటరు సన్నని గొట్టములలో దానిని పరచును. ఫ్యాను ఆ గొట్టములమీదుగా గాలిని లాగును. తేనెపట్టు గదులవంటి రేడియేటరును 1900 ప్రాంతమున జర్మనీలో విల్‌హెల్మ్ మేబాకు రూపొందించిన తరువాతనే, కొద్ది నీటితో ఎక్కువ వేడిని వెలుపలికి పంపుట సాధ్యమైనది.

ఇక రేడియేటరు మూత. ఇది వంటింటి ప్రెషరు కుక్కరు సూత్రముపై పనిచేయును. మామూలు వాతావరణ పీడనములో నీరు 100 డిగ్రీలకు మరుగును. పీడనము రెట్టింపైనచో సుమారు 120 డిగ్రీల వరకు మరుగదు. మూత రబ్బరు చెడి పీడనము నిలువనిచో, తక్కిన భాగములన్నియు బాగున్నను నీరు ముందే మరిగి పొంగిపోవును. కొద్ది ధరకు దొరకు ఈ మూతను చూడకుండ ఇంజను విప్పుట తగదు.

పరీక్షకు ముందు ప్రాణరక్షణ ముఖ్యము. సూచిక ఎర్రగీతను చేరినంతనే బండిని ప్రక్కకు తీసి ఇంజను ఆపవలెను. కాగిన రేడియేటరు మూతను ఎన్నడును విప్పరాదు. మూత వదులైన క్షణమున లోని పీడనము తగ్గును. అంతవరకు మరుగక అణగియున్న నీరు ఒక్కపెట్టున ఆవిరియై ముఖముమీదికి ఎగయును. ఇంజను చేతికి తాళునంతగా చల్లారువరకు ఆగవలెను. కాగిన ఇనుముమీద చన్నీరు పోయుటయు ప్రమాదమే, లోహము పగులవచ్చును.

మరియొక హెచ్చరిక. నీరు పూర్తిగా పోయిన ఇంజనులో వేడిని కొలుచు పరికరము నీటికి అందక, సూచిక ఒక్కొక్కప్పుడు చల్లగానున్నట్లే చూపును. కావున ముల్లు పడిపోవుట చూచి వేడి తగ్గినదని సంతోషించి బండి నడుపరాదు.

మొదటి ప్రశ్న: నీరు తగ్గుచున్నదా? తెల్లవారుజామున, ఇంజను చల్లగానున్నప్పుడు చూడవలెను. తగ్గుచున్నచో గొట్టముల అతుకులు, రేడియేటరు అడుగు, పంపు క్రిందనుండు చిన్న రంధ్రము పరిశీలింపవలెను. ఆ రంధ్రమునుండి చుక్కలు పడినచో పంపులోని సీలు అరిగినదని అర్థము. వెలుపల ఎక్కడను తడి లేకయే నీరు తగ్గినచో, అది ఇంజనులోనికి పోవుచున్నదేమో అనుమానింపవలెను.

రెండవ ప్రశ్న: ఏ సమయమున కాగుచున్నది? ఇది అన్నిటికంటె విలువైన ప్రశ్న. ఊరి రద్దీలో, మార్కెట్టు వరుసలో నిలిచినప్పుడు కాగి, రోడ్డెక్కినంతనే చల్లబడినచో దోషము గాలిలోనున్నది. బండి వేగముగా పోవునప్పుడు ఎదురుగాలియే ఫ్యాను పనిచేయును. నిలిచినప్పుడు ఫ్యానే దిక్కు. కావున బెల్టు సడలినదా, ఫ్యాను క్లచ్చు జారుచున్నదా, రేడియేటరు రేకుల నడుమ దుమ్ము, పత్తి నూగు పేరుకొన్నవా అని చూడవలెను. ఇందుకు భిన్నముగా, బరువుతో ఎత్తెక్కునప్పుడో, వేగముగా పోవునప్పుడో కాగినచో గాలికి కొదువ లేదు. నీటి ప్రవాహము చాలుటలేదు. రేడియేటరు లోగొట్టములు పూడియుండవచ్చును. మెత్తబడిన క్రింది గొట్టము పంపు లాగుడుకు చదునగుచుండవచ్చును. బయలుదేరిన కొద్ది నిమిషములకే కాగినచో థర్మోస్టాటు తెరచుకొనుటలేదనియో, నీరు చాలదనియో తలపవలెను.

మూడవ ప్రశ్న: వేడి ఎక్కడ ఆగుచున్నది? థర్మోస్టాటు అనగా ఇంజనుకును రేడియేటరుకును నడుమనుండు తలుపు. చాల ఇంజనులలో 80 డిగ్రీలు దాటిన తరువాత తెరచుకొనును. సూచిక పైకెక్కినను రేడియేటరు చల్లగానే ఉన్నచో ఆ తలుపు మూసుకొనియున్నది. దానిని తీసి, వంటకు వాడని గిన్నెలో దారముతో నీట వ్రేలాడదీసి కాచవలెను. నీరు మరుగులోపల తెరచుకొననిచో మార్చవలెను. కొందరు దానిని తీసివేసి బండి నడుపుదురు. ఇది చికిత్స కాదు. ఇంజను చాలినంత వేడెక్కక అరుగుదల, డీజిలు ఖర్చు పెరుగును. కొన్ని ఇంజనులలో థర్మోస్టాటే ప్రక్కదారిని మూయును. అది లేనిచో నీరు రేడియేటరుకు పోక తిరిగి ఇంజనులోనికే పోయి, వేడి ఇంకను హెచ్చును.

ఈ ప్రాంతమునకు విశేషముగా వర్తించు విషయము నీటి స్వభావము. రాతినేలలోని బోరునీటిలో లవణములు ఎక్కువ. అట్టి నీరు కాచిన గిన్నె అడుగున తెల్లని పెంకు కట్టుట గృహిణులు ఎరుగుదురు. అదే పెంకు రేడియేటరులోను కట్టి వేడిని బయటికి పోనీయదు. కావున బోరునీటిని అత్యవసరమునకే వాడి, పిదప కడిగించి, శుద్ధజలములో తగుపాళ్ల కూలెంటు కలిపి నింపించవలెను. సాధారణముగా వాడు కూలెంటు తియ్యగానుండు విషము; పిల్లలకు, పశువులకు అందనీయరాదు.

తుది పరీక్ష గాస్కెటుకు సంబంధించినది. చల్లని ఇంజనులో నీరు నిండుగా పోసి, మూత తీసియుంచి స్టార్టు చేయవలెను. బుడగలు తెంపులేక వచ్చుచున్నచో మండిన వాయువు నీటిలో చేరుచున్నదని తెలియును. ఆయిలు పాలు కలిసినట్లు తెల్లబడుటయు, కాగిన తరువాత కూడ పొగగొట్టమునుండి తెల్లని ఆవిరి మానకుండ వచ్చుటయు దీనినే బలపరచును. అట్టి బండిని ఇక నడుపరాదు. ఇవేవియు లేకయే ఇంజను కాగుచున్నచో, చక్రములను వదలని బ్రేకులు, మితిమీరిన బరువు, ఇంధనము చిమ్ము వేళలోని తేడా కారణములు కావచ్చును.

ఈ పరీక్షలలో ఖర్చు లేనివానిని ముందు, ఖర్చు గలవానిని వెనుక చేయుట వివేకము: మూత, బెల్టు, గొట్టములు, రేకుల శుభ్రత, థర్మోస్టాటు, ఆ తరువాతనే పంపు, రేడియేటరు, కట్టకడపట సిలిండరు హెడ్డు. మెకానిక్కు వద్దకు పోయినప్పుడు బండి కాగుచున్నదని మాత్రమే చెప్పక, ఎప్పుడు, ఎంత బరువుతో, ఎంత దూరమునకు కాగినదో చెప్పవలెను. ఆ ఒక్క మాట అనవసరముగా ఇంజను విప్పించుటను తప్పింపగలదు. కాయలు నింపుటకు ముందు నీరు, బెల్టు, గొట్టములు చూచుకొనుటకు ఐదు నిమిషములు చాలును. ఆ ఐదు నిమిషములును బండికే కాక, దానిపై ఆధారపడిన ఇంటికిని రక్షణ.