కారులో పసిపిల్లల సీటు

తల్లి ఒడికన్న బిడ్డకు భద్రమైన చోటు వేరొకటి లేదని మన నమ్మకము. ఇంటిలో అది సత్యమే. పరుగెత్తు కారులో మాత్రము ఆ నమ్మకమును ఒకసారి లెక్క వేసి చూచుకొనవలెను. గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోవుచున్న కారు దేనినో ఢీకొని, సెకనులో పదవవంతు కాలమున ఆగినదనుకొందము. ఒడిలోని 15 కిలోల బిడ్డ ముందునకు పడకుండ ఆపుటకు సుమారు 210 కిలోల బరువును మోయునంతటి బలము కావలెను. ఎంత గట్టిగా హత్తుకొన్నను ఏ తల్లి చేతులును అంత బలమునకు నిలువజాలవు. మూడంతస్తుల మేడ మీదినుండి జారిన వస్తువు నేలను తాకునప్పటి వేగమును ఇంచుమించు ఇంతే.

కారులోని బెల్టు పెద్దవారి శరీరమునకు తగినట్లు కుదిర్చినది. అది చిన్నబిడ్డకు మెడమీదను, మెత్తని పొట్టమీదను పడును. అందువలననే బిడ్డకు వేరుగ ఒక సీటు అవసరమైనది. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము పదునాలుగేండ్లు నిండని పిల్లలకు బెల్టుగాని, పిల్లల సీటుగాని ఉండితీరవలెనని విధించినది. తప్పినవారికి 1000 రూపాయల జరిమానా. అయితే సీటును కొనుటతో పని ముగియదు. దానిని బిగించు తీరులోనే రక్షణ అంతయు ఉన్నది.

ముందుగా, బిడ్డను ముందువైపునకు త్రిప్పి కూర్చుండబెట్టుట ఎప్పుడు? పసివారి తల శరీరమునకు మించి బరువైనది, మెడ లేతది. కారు హఠాత్తుగా ఆగినప్పుడు ముందుకు చూచుచున్న పసిబిడ్డ తల విసురుగా ముందునకు వంగును. వెనుకకు తిరిగి కూర్చున్న బిడ్డకో, సీటు వీపు తలను, మెడను, వెన్నును కలిపి మోయును. ఐక్యరాజ్యసమితి 129వ నియమావళి ప్రకారము పదునైదు నెలలు నిండకమునుపు బిడ్డను ముందువైపునకు త్రిప్పరాదు. ఇది కనీసపు హద్దు మాత్రమే. సీటు తయారుచేసినవారు చెప్పిన ఎత్తు, బరువు దాటనంతవరకు వెనుకకు త్రిప్పి కూర్చుండబెట్టుటయే మేలు.

ఇక ముందుకు తిరిగిన సీటునకు రెండు కట్లు కలవు. మొదటిది సీటును కారుతో కట్టునది. రెండవది బిడ్డను సీటుతో కట్టునది. ఈ రెంటిలో ఏది వదులైనను రెండవది వ్యర్థమగును.

మొదటి కట్టును చూతము. పిల్లల సీటును కారు వెనుక సీటుమీద ఉంచవలెను. ముందు సీటులో ఎయిర్‌బ్యాగు విచ్చుకొనునప్పటి దెబ్బకు చిన్నపిల్లలు తాళలేరు. కారు బెల్టును, పిల్లల సీటుమీద ముందువైపు అమరికకై గుర్తుపెట్టిన దారిలోనే, మెలిక పడకుండ పోనీయవలెను. పిమ్మట మోకాలితో సీటును క్రిందకు అదిమి, కారు దిండు అణగియుండగనే బెల్టును బిగియలాగవలెను. బెల్టును బిగించి పట్టు క్లిప్పు సీటునకున్నచో దానిని తప్పక వేయవలెను. తరువాత బెల్టు పోవు చోట పట్టుకొని ప్రక్కలకును, ముందుకును కదల్చి చూడుడు. ఒక అంగుళము మించి కదలినచో మరల బిగింపవలసినదే.

నేటి కార్లు పెక్కింటిలో వెనుక దిండ్ల సందున రెండు లోహపు కడ్డీలుండును. ఈ ఏర్పాటును ఐసోఫిక్స్ అందురు. సీటు కొక్కెములు ఆ కడ్డీలకు టక్కున పట్టుకొనును. సీటువెంట ఇచ్చిన పుస్తకము చెప్పిననే తప్ప కారు బెల్టును, ఐసోఫిక్సును రెంటిని కలిపి వాడరాదు.

చాలమంది మరచునది పైపట్టీ. సీటు తలభాగమునుండి వెనుకకు పోయి కారులోని కొక్కెమునకు తగులుకొను ఈ పట్టీని టాప్ టెథర్ అందురు. అది బిగిసియున్నచో, ఢీకొన్నప్పుడు బిడ్డ తల ముందునకు పోవు దూరము నాలుగైదు అంగుళములు తగ్గును. ముందు సీటు వీపునకు తల తగులుటకును, తగులకుండుటకును ఆపాటి దూరమే తేడా కావచ్చును. సామాను కట్టు కొక్కెమును చూచి ఇదే యని పొరపడరాదు. కొన్ని సీట్లకు పైపట్టీకి మారుగ, కారు నేలకు ఆనించు ఊతకాలు ఉండును.

రెండవ కట్టు బిడ్డది. భుజముల పట్టీలు బిడ్డ భుజముల మట్టమునగాని, కొంచెము పైనగాని సీటునుండి వెలువడవలెను. నడుము పట్టీ పొట్టమీద కాక, క్రిందుగా తుంటిమీద ఉండవలెను. బిగించిన పిదప భుజమువద్ద పట్టీని రెండు వ్రేళ్ళతో చిటికె పట్టి చూడుడు. మడత చేతికి చిక్కినచో ఇంకను వదులున్నదన్నమాట. మందపు స్వెట్టరు తొడిగి కట్టినచో పట్టీ బిగిసినట్లు కనబడునేగాని లోపల వదులు దాగియుండును. చలి యున్నచో కట్టిన తరువాత పైన దుప్పటి కప్పవచ్చును. మన వేసవిలో మరియొక జాగ్రత్త కావలెను: ఎండలో నిలిపిన కారులో బకిలు లోహము చర్మము కాలునంత వేడెక్కును. ముందు చేతితో తాకి చూడుడు.

బిడ్డ ఏడ్చుచున్నదని నాయనమ్మయో, అమ్మమ్మయో జాలిపడి పట్టీ వదులు చేయుట, ఒడిలోనికి తీసికొనుట ప్రతి ఇంటిలోను జరుగునదే. ఏడుపు నిలువదేని కారును రోడ్డు ప్రక్కన సురక్షితమైన చోట ఆపి, బిడ్డను ఎత్తుకొని ఊరడించి, మరల కట్టి బయలుదేరవలెను. ప్రమాదమున దెబ్బతిన్న సీటును తిరిగి వాడరాదు; పూర్వచరిత్ర తెలియని పాత సీటును కొనరాదు. పొరుగూరి ప్రయాణమైనను, వీధి చివరి అంగడికైనను, తాళము త్రిప్పుటకు ముందు ఈ రెండు కట్లను చేతితో ఒకసారి తడిమి చూచుటకు పట్టునది అర నిముషమే.