పాలు లేని శాకాహారం: తెలుగు భోజనక్రమంలో వీగన్ పరివర్తన

వ్యాససంగ్రహం

మాంసం, చేపలు, గుడ్లతోపాటు పాలు, పెరుగు, నెయ్యి, తేనె మొదలైన జంతుజన్య పదార్థాలన్నింటినీ విడిచిపెట్టే ఆహారవిధానం వీగన్ ఆహారం. తెలుగు శాకాహారికి ఈ మార్పు ప్రధానంగా పాడిని వదులుకోవడమే. తెలుగు భోజనంలో పాడి పదార్థాలు వంటకాల లోపల కంటే భోజనపు ఆద్యంతాలలో ఎక్కువగా ఉన్నాయి. వాటి స్థానాన్ని, అవి చేసే పనిని గుర్తిస్తే పరివర్తన సుసాధ్యమవుతుందని ఈ వ్యాసం వివరిస్తుంది. ఇందుకు సంబంధించిన పదజాలాన్ని, పోషకావసరాలను, సామాజిక సందర్భాన్ని కూడా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వీగన్ ఆహారం, శాకాహారం, పాడి, భోజనక్రమం, విటమిన్ బి12, ఆహారపదజాలం.

1. ఉపోద్ఘాతం

1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన సహచరులు వీగన్ సొసైటీని స్థాపించారు. 'వెజిటేరియన్' అనే ఆంగ్లపదంలోని మొదటి మూడు, చివరి రెండు అక్షరాల కలయికతో 'వీగన్' ఏర్పడింది. పాలు, గుడ్లు తీసుకునే శాకాహారుల నుంచి తమను వేరుగా గుర్తించుకోవడానికి వారికి ఈ పదం అవసరమైంది. వారి వాదనకు మూలం పాడి పశువు జీవితంలోనే ఉంది. ఈనిన పశువే పాలిస్తుంది. ఆ పాలు మొదట దూడవి. మగదూడకూ, వట్టిపోయిన పశువుకూ పాడి వ్యవస్థలో ఆర్థికమైన విలువ తక్కువ కనుక పాల ఉత్పత్తిని వధ నుంచి పూర్తిగా విడదీయలేమన్నది వారి నిశ్చయం.

ఈ పదం పుట్టకముందే భారతదేశంలో ఈ ప్రయత్నం చేసిన ప్రముఖుడు గాంధీ. దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయ్ ఫారంలో ఉన్న కాలంలో, 1912లో, ఆయన పాలు మానివేశారు. 1918లో తీవ్రమైన విరేచనాల వ్యాధికి గురై కోలుకోలేకపోయినప్పుడు కస్తూరిబా సూచనతో మేకపాలు స్వీకరించారు. వ్రతం తీసుకున్నప్పుడు తన మనసులో ఉన్నవి ఆవుపాలు, గేదెపాలు మాత్రమే కనుక మాట నిలిచిందనీ, వ్రతస్ఫూర్తి మాత్రం భంగమైందనీ ఆత్మకథలో వేదన చెందారు. పాలకు సాటిరాగల వృక్షజన్య పదార్థం కోసం ఆయన చాలాకాలం అన్వేషించారు. సంకల్పం ఎంత దృఢమైనదైనా ఆహారజ్ఞానం తోడు కాకపోతే నిలవడం కష్టమని ఈ ఉదాహరణ తెలియజేస్తుంది.

2. పదాల పరిధి

శబ్దార్థాన్ని బట్టి చూస్తే శాకాహారంలో పాలకు చోటు లేదు. వ్యవహారంలో మాత్రం పాలు, పెరుగు, నెయ్యి శాకాహారంలో విడదీయరాని భాగాలు. చట్టమూ ఈ వ్యవహారాన్నే అనుసరించింది. ఆహారపొట్లాలపై కనిపించే ఆకుపచ్చ గుర్తు పాలను, తేనెను మినహాయించదు. అందువల్ల భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2022లో వీగన్ ఆహారాలకు ప్రత్యేక నిబంధనలు జారీచేసి వేరొక చిహ్నాన్ని నిర్దేశించవలసి వచ్చింది.

తెలుగులో 'వీగన్'కు సమానార్థకంగా 'శుద్ధ శాకాహారం' అనే ప్రయోగం కొన్నిచోట్ల కనిపిస్తుంది. ఇది రెండు కారణాల వల్ల తగదు. మొదటిది, భోజనశాలల బోర్డుల మీద ఈ మాటకు మాంసం వండని చోటు అనే అర్థం ఇప్పటికే స్థిరపడింది. ఆ వంటశాలలో నెయ్యి, పెరుగు సమృద్ధిగా వాడతారు. రెండవది, 'శుద్ధ' శబ్దం మడి-మైల భావనలను, వాటితో ముడిపడిన కులదృష్టిని వెంట తెస్తుంది. వీగన్ ఆలోచనకు ఆధారం ప్రాణి పట్ల బాధ్యతే గాని తినేవారి శుచిత్వం కాదు. కాబట్టి 'వీగన్' అనే పదాన్నే స్వీకరించడం, వివరణ అవసరమైనచోట 'జంతుజన్యరహిత ఆహారం' అనడం స్పష్టతకు మేలు.

'పాలు' విషయంలో తెలుగు మరింత ఉదారమైనది. కొబ్బరిపాలు, జిల్లేడుపాలు, మర్రిపాలు తెలుగువారికి పరిచితమైన మాటలు. గింజ గట్టిపడకముందు వరికంకి 'పాలుపోసుకుంటుంది'. కనుక 'వేరుశనగపాలు' అన్న మాట తెలుగు చెవికి అసహజంగా తోచదు.

3. భోజనక్రమంలో పాడి స్థానం

కృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు వానాకాలంలో అతిథులకు పెట్టే భోజనంలో కలమాన్నం, పొట్టు తీసిన పప్పు, కూరలు, వడియాలు, వరుగులతోపాటు పెరుగు, నేయి ఉన్నాయి. నేటి తెలుగు శాకాహార భోజనానికీ ఈ చట్రం చాలావరకు వర్తిస్తుంది. ఇందులో పప్పు, కూర, పచ్చడి, పులుసు, చారు వండడానికి సాధారణంగా పాడి పదార్థాలు అక్కరలేదు. మజ్జిగపులుసు, పెరుగుపచ్చడి, పెరుగువడ వంటివి మినహాయింపులు. రాయలసీమ రాగిసంగటి, ఊరుబిండి, తెలంగాణ జొన్నరొట్టె, కోస్తా గోంగూరపచ్చడి స్వభావరీత్యా పాడి అవసరం లేని వంటకాలే. పాడి ప్రధానంగా రెండుచోట్ల నిలిచింది: తొలిముద్దలో నెయ్యి, మలిముద్దలో పెరుగు లేదా మజ్జిగ. ఈ రెండింటి తరువాత చెప్పుకోదగినవి కాఫీ, టీ, తీపివంటకాలు.

ఈ స్థానాలకు రుచిపరమైన హేతువు ఉంది. మిరపకాయ మంటకు కారణమైన క్యాప్సైసిన్ నీటిలో దాదాపు కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే పప్పు-ఆవకాయ ముద్దలో నెయ్యి కారాన్ని మెత్తబరుస్తుంది. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు క్యాప్సైసిన్‌ను పట్టి నాలుక మీది నుంచి తొలగిస్తుంది. భోజనం చివరి పెరుగన్నం నోటిని చల్లార్చడానికి ఇదొక కారణం. పులుపు, చల్లదనం, కడుపు నిండిన తృప్తి కూడా పెరుగన్నం వల్లనే కలుగుతాయి. 'కడుపులో చల్ల కదలకుండా' అనే పలుకుబడిలో చల్ల నెమ్మదికి సంకేతమైంది. కనుక కారం యథాతథంగా ఉంచి పెరుగును మాత్రం తొలగిస్తే భోజనం అసంపూర్ణంగా తోచడం సహజం.

4. పరివర్తన క్రమం

పై పరిశీలనను బట్టి మార్పును సులభమైన దానినుంచి కఠినమైన దానికి క్రమంగా నడపడం మేలు.

(అ) నెయ్యి: పప్పన్నంలో నెయ్యికి బదులు గానుగ నువ్వులనూనె సహజంగా ఇముడుతుంది. ఆవకాయలోనూ నువ్వులనూనె వాడే ఇళ్ళు ఉన్నాయి కనుక ఆ రుచి కొత్తది కాదు.

(ఆ) తీపివంటకాలు: నువ్వులు, బెల్లం దంచిచేసే చిమ్మిలి, వేరుశనగ ఉండలు, కొబ్బరి లౌజు, నూనెలో వేయించిన అరిసెలు పాడి లేకుండానే కుదురుతాయి. ఉగాది పచ్చడి, శ్రీరామనవమి పానకం-వడపప్పు, వినాయకచవితి ఉండ్రాళ్ళు కూడా ఇటువంటివే. పరమాన్నాన్ని కొబ్బరిపాలతో వండవచ్చు. పూతరేకులు, సున్నుండలు మాత్రం నేతి మీదనే ఆధారపడినవి.

(ఇ) కాఫీ, టీ: సోయా, ఓట్స్ పాలు దొరుకుతున్నా వాటి ఖర్చు ఎక్కువ. ఇంట్లో తీసిన వేరుశనగపాలు, పాలు లేని అల్లం టీ, ధనియాల కషాయం చవకైన మార్గాలు.

(ఈ) పెరుగు: ఇది చివరి మెట్టు. నానబెట్టిన వేరుశనగలను రుబ్బి, వడకట్టి, కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడుపెడితే పుల్లని పెరుగు తయారవుతుంది. మొదటిసారి తోడుకు పచ్చిమిరప తొడిమలు వాడేవారున్నారు. అయితే పెరుగుకు నకలు వెదకడమే మార్గం కాదు. గంజిని పులియబెట్టిన తరవాణి, రాగి లేదా జొన్న అంబలి తెలుగునాట పాడితో నిమిత్తం లేకుండా పులుపును, చలువను ఇచ్చిన ఆహారాలు. ముగింపు ముద్దకు వీటిని తిరిగి తెచ్చుకోవచ్చు.

5. పోషక విచారణ

అన్నం-పప్పు కలయిక మాంసకృత్తుల విషయంలో చక్కని జోడి. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులో, పప్పులో తక్కువగా ఉండే మెథియోనిన్ బియ్యంలో లభిస్తాయి. పాడి మానినప్పుడు మొదట ఆలోచించవలసింది కాల్షియం గురించి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో వెలువరించిన సిఫారసుల ప్రకారం వయోజనులకు రోజుకు 1000 మి.గ్రా. కాల్షియం అవసరం. 100 గ్రాముల గేదెపాలలో సుమారు 120 మి.గ్రా. ఉండగా, అంతే బరువు రాగులలో సుమారు 350 మి.గ్రా., మునగాకులో 300 మి.గ్రా. పైబడి, పొట్టుతో కూడిన నువ్వులలో 1000 మి.గ్రా. పైబడి ఉంటుంది. పాలు తాగినంత పరిమాణంలో నువ్వులు తినలేము. నువ్వులలోని ఆక్సలేట్లు, ఫైటేట్లు కాల్షియం శోషణను తగ్గిస్తాయి. కాబట్టి ఒకే పదార్థం మీద కాక అనేక వనరుల మీద ఆధారపడాలి.

పదసామ్యం వల్ల కలిగే ఒక పొరపాటును కూడా గమనించాలి. 'అవిసె' పేరుతో తెలుగులో రెండు వేర్వేరు మొక్కలున్నాయి. కాల్షియం సమృద్ధిగా ఉన్న అవిసె ఆకు ఒక చెట్టుది. ఒమేగా-3 కొవ్వుకు ప్రసిద్ధమైన అవిసె గింజలు వేరొక చిన్న పైరువి.

అన్నింటికంటే కీలకమైనది విటమిన్ బి12. 1948లో శాస్త్రవేత్తలు వేరుచేసిన ఈ విటమిన్‌ను సూక్ష్మజీవులు తయారుచేస్తాయి. ఇది మొక్కలలో నమ్మదగిన రీతిలో లభించదు. ఇడ్లీ, తరవాణి వంటి పులిసిన ఆహారాలనూ ఇందుకు నమ్ముకోరాదు. కాలేయంలోని నిల్వలు కొన్నేళ్ళపాటు సరిపోవచ్చు కనుక లోపం ఆలస్యంగా బయటపడుతుంది. ఆకుకూరలు, పప్పులలో ఉండే ఫోలేట్ రక్తహీనతను కప్పిపుచ్చడం వల్ల నరాలకు జరిగే హాని గుర్తింపునకు రాకపోవచ్చు. కాబట్టి బి12 మాత్రను గాని, బి12 చేర్చిన ఆహారాన్ని గాని మొదటినుంచే వైద్యసలహాతో తీసుకోవడం తప్పనిసరి. గర్భిణులు, బాలింతలు, పిల్లల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

6. సామాజిక సందర్భం

'పాడిపంట' అనే జంటపదం తెలుగువారి సిరికి నిర్వచనం. చిన్నకమతాల కుటుంబాలలో, ముఖ్యంగా స్త్రీల చేతికి, గేదె అనుదిన ఆదాయాన్ని ఇస్తుంది. వీగన్ వాదం ఈ వాస్తవాన్ని పట్టించుకోకపోతే నగరవాసుల అభిరుచిగానే మిగిలిపోతుంది. అలాగే, తెలుగు రాష్ట్రాలలో అత్యధికులు మాంసాహారులు. పాలు తాగుతూ మాంసాహారిని తక్కువచేసే దృష్టికి వీగన్ తర్కంలో తావులేదు. నిజానికి ఆ తర్కం ఎదుట తొలి ప్రశ్నను ఎదుర్కొనేది శాకాహారే. ఇంట్లో నైవేద్యానికి, పంచామృతానికి, బంధువుల పంక్తిభోజనానికి సంబంధించిన సంఘర్షణ కూడా తప్పదు. అక్కడ ఎదుటివారి విస్తరిని విమర్శించడం కంటే తన విస్తరిని మాత్రమే మార్చుకోవడం ఈ మార్పు నిలవడానికి తోడ్పడుతుంది.

7. ముగింపు

తెలుగు భోజనంలో వీగన్ పరివర్తన అంటే వంటకాలన్నింటినీ విడిచిపెట్టడం కాదు; తొలిముద్దను, మలిముద్దను కొత్తగా కూర్చుకోవడం. నువ్వులు, రాగులు, వేరుశనగ, కొబ్బరి, అంబలి, తరవాణి ఇందుకు చేతికందే వనరులు. బి12 విషయంలో మాత్రం సంప్రదాయం చాలదు, ఆధునిక వైద్యవిజ్ఞానం తోడుకావాలి. తరవాణి, వరుగులు, చిరుధాన్యాల వంటకాలకు సంబంధించిన ప్రాంతీయ పదజాలాన్ని సేకరించి, పాడితో వాటికి గల సంబంధాన్ని నమోదుచేయడం తెలుగు పరిశోధకులు చేపట్టదగిన పని. ఆ సేకరణ ఆహారచరిత్రకూ, ఈ మార్పును కోరేవారి వంటింటికీ ఒకేవిధంగా ఉపకరిస్తుంది.