పసి కొలతల్లో గుండె జాతకం

2004లో ‘లాన్సెట్’ వైద్య పత్రిక ఇద్దరు డాక్టర్లు పక్కపక్కన నిలబడ్డ ఫొటో ఒకటి వేసింది. ఒకరు పుణెలో మధుమేహం మీద పరిశోధన చేసే చిత్తరంజన్ యాజ్ఞిక్. రెండోవారు లండన్ డాక్టరు జాన్ యడ్కిన్. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఎత్తుకు తగ్గ బరువే కాబట్టి ఎవరికీ వంక పెట్టడానికి లేదు. తీరా ఒంట్లో కొవ్వు ఎంతుందో కొలిస్తే యడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం అని తేలింది.

మనవాళ్ల ఒంట్లో ఇలా కనపడకుండా పేరుకునే కొవ్వు నడివయసులో, కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగాలతో వచ్చిందని అనుకుంటాం. కొంతవరకు నిజమే. కానీ యాజ్ఞిక్ బృందం దాని మొదలు వెతుక్కుంటూ పోతే పురిటిగది దాకా వెళ్లాల్సి వచ్చింది.

పుణె దగ్గరి పల్లెల్లో నెలలు నిండి పుట్టిన 631 మంది శిశువులను, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో పుట్టిన 338 మందిని పోల్చి 2003లో ఆ లెక్కలు ప్రచురించారు. పుణె పిల్లల సగటు బరువు 2.7 కిలోలు, సౌతాంప్టన్ పిల్లలది 3.5 కిలోలు. పొడవు, తల, దండ, పొట్ట చుట్టుకొలత అన్నీ మన పిల్లలకు తక్కువే. అన్నిటికన్నా బాగా తగ్గింది పొట్ట. ఒక్క కొలత మాత్రం పెద్దగా తగ్గలేదు. అది వీపు మీద, రెక్క ఎముక కింద చర్మం మడత మందం. చర్మం మడత అంటే చాలావరకు దాని కిందున్న కొవ్వే. చూడ్డానికి బక్కగా ఉన్న ఆ శిశువులు కండలోనూ, లోపలి అవయవాల్లోనూ చిన్నవాళ్లు. కొవ్వు దగ్గర మాత్రం దాదాపు ఇంగ్లండ్ పిల్లల సరసన నిలిచారు.

ఈ మడత కొలవడం చెప్పినంత తేలిక కాదు. బొటనవేలు, చూపుడువేలు మధ్య చర్మాన్ని కొవ్వుతో సహా, కింది కండ రాకుండా పైకి లాగి పట్టుకోవాలి. ఆ మడతకు కాలిపర్ దవడలు తగిలించాలి. చదరపు మిల్లీమీటరుకు 10 గ్రాముల ఒత్తిడి మాత్రమే పడేలా దానికి స్ప్రింగు ఉంటుంది. రెండు మూడు సెకన్లలో ముల్లు ఎక్కడుందో చదివెయ్యాలి. ఆలస్యమైతే కొవ్వు నొక్కుకుపోయి అంకె తగ్గిపోతుంది. కాళ్లు తన్నుకుంటూ గుక్కపెట్టి ఏడ్చే పసిగుడ్డు మీద ఈ పని చెయ్యడానికి ప్రత్యేకంగా శిక్షణ కావాలి. అందుకే ఇది పరిశోధకుల చేతుల్లోనే ఉండిపోయింది, అంగన్‌వాడీ దాకా రాలేదు.

కొవ్వుకు మాత్రమే ఈ మినహాయింపు ఎందుకు? తల్లికి తిండి చాలనప్పుడు, కొన్ని పోషకాలు మరీ కొరవడినప్పుడు, కడుపులోని బిడ్డ శరీరం పొదుపు మొదలుపెడుతుందనేది పరిశోధకుల వివరణ. మెదడును వీలైనంత కాపాడుకుని కండకు, కాలేయానికి, మూత్రపిండాలకు, క్లోమానికి కోత పెడుతుంది. దీని ఫలితం ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత బయటపడుతుంది. భోజనం చేశాక రక్తంలో చేరే చక్కెరలో పెద్ద వాటా పట్టుకునేది కండే. ఆ కండ మొదట్నుంచీ తక్కువ, ఇన్సులిన్ తయారు చేసే క్లోమం శక్తీ తక్కువ. దాని మీద ఆ తర్వాత బరువు వచ్చి పడితే ఆ శరీరం మోయలేదు.

పుట్టుక బరువుకీ గుండెకీ ఉన్న లంకెను గట్టిగా ముందుకు తెచ్చింది బ్రిటన్‌కు చెందిన డేవిడ్ బార్కర్. ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో 1911 నుంచి 1930 మధ్య పుట్టిన పిల్లల బరువులను ఆరోగ్య కార్యకర్తలు పద్దు పుస్తకాల్లో రాసిపెట్టారు. పుట్టినప్పుడొకసారి, ఏడాది నిండాక మరోసారి. దశాబ్దాల తర్వాత బార్కర్ ఆ పుస్తకాలు తెరిచి, 5,654 మంది మగవాళ్లు ఏ జబ్బుతో పోయారో వెతికాడు. ఏడాది వయసులో బరువు బాగా తక్కువున్న వాళ్లలో గుండెజబ్బు చావులు ఎక్కువని 1989లో చూపించాడు. మనకు దగ్గర్లో మైసూరులోనూ ఇదే కథ. హోల్డ్స్‌వర్త్ మెమోరియల్ ఆసుపత్రి పాత రికార్డులు తీసి, అక్కడ పుట్టి పెద్దవాళ్లయిన 517 మందిని పరీక్షించారు. రెండున్నర కిలోలు, అంతకు లోపు పుట్టినవాళ్లలో 11 శాతానికి గుండెజబ్బు ఉంది. ఏడు పౌన్లు దాటి పుట్టినవాళ్లలో అది 3 శాతం. ఎవరో ఓపిగ్గా రాసిన రెండు అంకెలు ఇంత పని చేశాయి. మన ఆసుపత్రుల పాత రిజిస్టర్లు చెదలపాలు కావడం తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

పుట్టుక బరువు తక్కువైతే అంతా అయిపోయినట్టేనా? కాదు. అసలు సంగతి ఆ తర్వాత పిల్లలు పెరిగే తీరులో ఉందని చెప్పింది ఢిల్లీ. 1969, 1972 మధ్య దక్షిణ ఢిల్లీలో పుట్టిన పిల్లల ఎత్తు, బరువు ఏళ్ల తరబడి, ఆర్నెల్లకోసారి కొలుస్తూ పోయారు. వాళ్లలో 1,492 మందిని 26 నుంచి 32 ఏళ్ల వయసులో పిలిచి చక్కెర పరీక్షలు చేశారు. మధుమేహం వచ్చినవాళ్లు, దాని అంచున ఉన్నవాళ్లు పసితనంలో బొద్దుగా ఉన్నవాళ్లు కారు. రెండేళ్లు వచ్చేదాకా సన్నగానే ఉన్నారు. ఆ తర్వాత వాళ్ల బీఎంఐ తోటివాళ్ల కంటే ముందుగా, వేగంగా ఎక్కడం మొదలైంది. అయినా పన్నెండేళ్ల వయసులో వాళ్లలో ఒక్కరూ ఊబకాయుల లెక్కలోకి రాలేదు. ఏ బడి డాక్టరూ వాళ్లను వేరు చేసి చూసేవాడు కాదు. ఈ వ్యాసంలో గుర్తుంచుకోవాల్సింది ఒకటే ఉందంటే, నా మటుకు ఇదే.

బీఎంఐ అంటే కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించగా వచ్చేది. పెద్దవాళ్లకు ఒకే గీత గీస్తే సరిపోతుంది. పిల్లలకు అలా కుదరదు, వయసుతో పాటు అది పైకీ కిందికీ నడుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో మగపిల్లల మధ్య విలువ పుట్టినప్పుడు సుమారు 13.4. ఆరేడు నెలల ప్రాంతంలో 17 దాటుతుంది. అక్కణ్నుంచి మెల్లగా దిగి అయిదేళ్లకు 15 దాకా వచ్చి, మళ్లీ ఎక్కుతుంది. ఈ రెండో పెరుగుదలను ఫ్రాన్స్ పరిశోధకురాలు మారీ ఫ్రాన్స్వాజ్ రోలాన్-కాషెరా 1984లో గుర్తించింది. అయిదారేళ్లకు మొదలవ్వాల్సింది మూడు నాలుగేళ్లకే మొదలైతే ఆ పిల్లలు ముందు ముందు లావయ్యే అవకాశం ఎక్కువని చెప్పింది.

మన ఇళ్లలో “పిల్లాడు చిక్కి సగమయ్యాడు” అని అమ్మమ్మలు, నాయనమ్మలు బెంగపడేది సరిగ్గా ఈ మూడు, నాలుగేళ్ల వయసులోనే. నిజానికి వాడు చిక్కడం లేదు, సాగుతున్నాడు. ఎత్తు సవ్యంగా పెరుగుతుంటే పక్కటెముకలు కాస్త కనిపించినా కంగారు అక్కర్లేదు. కానీ ఆ బెంగతోనే డబ్బా పొడులు, చక్కెర పోసిన పాలు, ఫోను చూపిస్తూ కుక్కే రెండో ముద్ద మొదలవుతాయి. దిగాల్సిన గీతను మనమే పైకి లాగుతాం.

అంకె చదవడంలో ఇంకో తిరకాసు ఉంది. తండ్రికి బీఎంఐ 21.5 అంటే బాగున్నాడంటాం. పదేళ్ల కొడుక్కి అదే 21.5 ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక ప్రకారం ఊబకాయం. భారత పిల్లల వైద్యుల సంఘం 2015లో అయిదేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు తయారుచేసిన పట్టిక ఇంకా కచ్చితంగా ఉంటుంది. మనవాళ్లకు తక్కువ బరువులోనే ముప్పు మొదలవుతుంది కాబట్టి అందులో అధిక బరువు గీతను పెద్దయ్యాక 23తో, ఊబకాయం గీతను 27తో కలిసేలా గీశారు.

ఎత్తు తప్పుగా కొలిస్తే ఈ లెక్కంతా బూడిదలో పోసిన పన్నీరే. నాలుగేళ్ల పాప మీటరు ఎత్తు, 15 కిలోల బరువు ఉంటే బీఎంఐ 15. మోకాళ్లు వంచి నిలబడ్డ పాపను 97 సెంటీమీటర్లని రాసేస్తే అది దాదాపు 16 అవుతుంది. పిలక విప్పాలి, చెప్పులు తీయించాలి, మడమలు గోడకు ఆనాలి, చూపు నేరుగా ఉండాలి. రెండేళ్లలోపు పిల్లల్ని పడుకోబెట్టి కొలుస్తారు, ఆ తర్వాత నిలబెట్టి. పడుకోబెట్టి తీసిన కొలత నిలబెట్టి తీసినదానికన్నా సుమారు 0.7 సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది.

ఇక నడుము. దారంతో ఎత్తు కొలిచి, దాన్ని సగానికి మడిచి, ఆ సగం నడుము చుట్టూ వస్తుందో లేదో చూడమంటారు. నడుము ఎత్తులో సగం దాటకూడదన్న ఈ సూత్రాన్ని బ్రిటన్ పరిశోధకురాలు మార్గరెట్ యాష్‌వెల్ బాగా ప్రచారంలోకి తెచ్చింది. అయిదేళ్లు దాటిన పిల్లలకు, పెద్దలకు ఇంట్లో చేసుకోదగ్గ మంచి పరీక్ష ఇది. మూడేళ్ల పిల్లాడి మీద మాత్రం వద్దు. ఆ వయసులో పొట్ట ముందుకు ఉండడం సహజం, చాలామంది పిల్లలకు సగం దాటుతుంది. మొలతాడు బిగుతైంది కాబట్టి బిడ్డ ఒళ్లు చేశాడని సంబరపడే తల్లులూ ఉన్నారు. అది పొట్ట కిందికి, తుంటి మీదికి జారి ఉంటుంది. అక్కడ బిగుతైందంటే ఎముకలు పెరిగాయనీ కావచ్చు. నడుము కొలిచే చోటు అది కాదు. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక అంచుకీ మధ్యన, మామూలుగా ఊపిరి వదిలాక టేపు చుట్టాలి.

కొలతలు చెప్పేది అవకాశం గురించే. లోపల ఏం జరుగుతోందో రక్తం చెబుతుంది. 2016-18లో మన దేశంలో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో, అయిదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో మూడో వంతు మందికి రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వులు ఎక్కువున్నాయి. పదోవంతు మంది మధుమేహం అంచున ఉన్నారు. కుటుంబ ఆరోగ్య సర్వేలేమో అయిదేళ్లలోపు పిల్లల్లో ఎదుగుదల లోపాన్నే ఎక్కువగా చూపిస్తున్నాయి. 2019-21 లెక్కల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1. అధిక బరువున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3.4 శాతమే. లావు పిల్లలు ఇంత తక్కువ ఉన్న దేశంలో రక్తపు లెక్కలు అలా ఉన్నాయంటే, ముప్పును లావులో మాత్రమే వెతకడం పొరపాటని తెలుస్తూనే ఉంది.

రక్తనాళాల మాటకొస్తే, అమెరికాలోని బొగలూసా పట్టణంలో 1973 నుంచి జెరాల్డ్ బెరెన్సన్ బృందం పిల్లల్ని గమనిస్తూ వచ్చింది. ప్రమాదాల్లాంటి కారణాలతో చిన్నవయసులో చనిపోయిన 204 మంది రక్తనాళాలు పరీక్షించి 1998లో ఫలితాలు ఇచ్చారు. రెండు నుంచి పదిహేనేళ్ల వాళ్లలో దాదాపు సగం మందికి గుండె ధమనుల్లో కొవ్వు చారలు కనిపించాయి. చార ఉన్నంత మాత్రాన జబ్బు కాదు, చాలావి ముదరకుండానే ఉండిపోవచ్చు. కానీ బీఎంఐ, రక్తపోటు, కొలెస్టరాల్ ఎక్కువున్న కొద్దీ అవి ఎక్కువ మేర పరుచుకుని ఉన్నాయి.

దీనికి మందేమిటి అంటే మన హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల కథ చెప్పాలి. 1987-90 మధ్య వీటిలో 15 ఊళ్లలో గర్భిణులకూ ఆరేళ్లలోపు పిల్లలకూ ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి) పథకం కింద రోజూ ఉప్మా పెట్టారు. మిగతా 14 ఊళ్లకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. పిల్లలు 13-18 ఏళ్ల వాళ్లయ్యాక 1,165 మందిని జాతీయ పోషకాహార సంస్థ తోడ్పాటుతో కొలిచారు. ఉప్మా ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాల బిరుసుతనం కొంచెం తక్కువ. ఒంట్లో కొవ్వు మాత్రం ఎక్కువ కాలేదు. కౌమారంలో కనిపించిన తేడా ఇది, జీవితాంతం నిలుస్తుందని చెప్పడానికి ఇదొక్కటే చాలదు. అయినా తిండి పెడితే లావవుతారన్న భయం తల్లి కడుపులోని బిడ్డకూ, పసివాళ్లకూ వర్తించదని మాత్రం చెప్పొచ్చు. ఎత్తును పెంచే తిండి వేరు, రెండేళ్లు దాటాక బిస్కట్లు, చిప్స్ ప్యాకెట్లతో వచ్చే ఒళ్లు వేరు.

కాబట్టి సన్నగా పుట్టిన బిడ్డను “తొందరగా ఒళ్లు చేయించాలి” అని కూర్చోబెట్టి తినిపించడం సరికాదు. బొద్దుగా ఉన్న నాలుగేళ్ల పిల్లకు అన్నం తగ్గించి పస్తులు పెట్టడమూ సరికాదు. పిల్లలకు డైటింగు చేయించాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాల్సిన మాట. మెడ వెనక చర్మం నల్లబడి మందంగా మారితే సున్నిపిండి పెట్టి రుద్దకండి. అది మురికి కాకపోవచ్చు, ఒంట్లో ఇన్సులిన్ పెరిగిందని చెప్పే గుర్తు కావచ్చు, పరీక్ష చేయించండి.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బళ్లకు ఒకసారి రావాలి. వచ్చినప్పుడు బరువు ఒక్కటే చెప్పి పంపితే ఒప్పుకోకండి. ఎత్తు కూడా అడగండి, రెండూ తేదీతో సహా ఒకే పుస్తకంలో రాయించుకోండి. ఆర్నెల్ల తర్వాత మళ్లీ కొలిపించి, ఎత్తు కంటే బరువు వేగంగా ఎక్కుతోందేమో పిల్లల డాక్టరుకు ఆ పుస్తకం చూపించి అడగండి.